ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్, ఎన్విడియా కార్డు రెండూ ఉన్నాయి. లైనక్స్‌లో రెండింటినీ ఒకేసారి వాడుకోవచ్చా?

తమ్ముడూ, నీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, తర్వాత వచ్చి చదివేవాళ్ళకీ పనికొస్తుంది. గుణుపురంలో మీ నాన్నగారి ఫోటో స్టూడియో. ల్యాప్‌టాప్‌లో పదో తరం ఐ5, దాని లోపలే ఇంటెల్ గ్రాఫిక్స్, వేరేగా ఎన్విడియా జీటీఎక్స్ 1650, 4 జీబీ. ఉబుంటు 24.04 (లైనక్స్‌లో ఒక రకం) వేశావు. ఎన్విడియా సైటు నుంచి డ్రైవరు (కార్డుని నడిపే ప్రోగ్రాము) దించి ఎక్కించావు. వారం బాగానే నడిచింది, అప్‌డేట్ అయ్యాక హెచ్‌డీఎంఐకి పెట్టిన పెద్ద మానిటర్ నల్లగా ఉండిపోయింది. రెండు కార్డుల్నీ కలిపి వాడితే పెళ్ళి వీడియోలు తొందరగా తేలుతాయా, కేబుల్‌తో తగిలించే బయట డబ్బాలో ఇంకో కార్డు కొనమంటారా అని కూడా అడిగావు.

తెలుగులో తప్పులుంటే క్షమించమన్నావు. గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిన పర్లాకిమిడిలో ఉంటున్నవాణ్ణి నేను. మాట్లాడినట్టు రాయడం తప్పు కాదు. ఒడియా బడిలో చదువుకుని ఇంత చక్కగా రాశావు, సంతోషం.

సూటిగా జవాబు. రెండు కార్డులూ ఒకేసారి పనిచేస్తాయి. కానీ రెండూ కలిసి ఒక పెద్ద కార్డు అయిపోవు. ఇంటెల్‌కి 2 జీబీ, ఎన్విడియాకి 4 జీబీ, మొత్తం 6 అని ఎవరో చెప్పారన్నావు, అలా కూడదు. ఎవరి మెమరీ వాళ్ళదే, ఎవరి పని వాళ్ళదే. నువ్వు చేయాల్సింది పని పంచడం: తెర చూపించడం, బ్రౌజరు, ఫైళ్ళు, సినిమా చూడటం ఇంటెల్‌కి, బరువైన ప్రోగ్రాముని మాత్రం పేరు పెట్టి ఎన్విడియాకి అప్పగించడం. లైనక్స్‌లో ఈ పద్ధతిని ప్రైమ్ అంటారు. బయట డబ్బా నీకు వద్దు, ఎందుకో కింద చెప్తాను.

ముందు నల్ల తెర సంగతి తేల్చుకుందాం. అది తేలకుండా మిగతావేవీ చేయలేవు.

నీ ల్యాప్‌టాప్ లాంటి గేమింగ్ రకాల్లో చాలావాటికి లోపలి తెర ఇంటెల్‌కి కలిపి ఉంటుంది, పక్కనున్న హెచ్‌డీఎంఐ రంధ్రం మాత్రం నేరుగా ఎన్విడియాకి కలిపి ఉంటుంది. అంటే ఎన్విడియా డ్రైవరు లేవకపోతే ఆ రంధ్రంలోంచి ఏదీ రాదు. నువ్వు సైటు నుంచి దించిన డ్రైవరు, ఆ రోజు ఉన్న కెర్నల్‌కి (లైనక్స్ గుండెకాయ) సరిపడేలా ఒక మాడ్యూల్, అంటే దానికి తగిలే ముక్క, కట్టి పెట్టింది. తర్వాత అప్‌డేట్‌లో కెర్నల్ మారింది. కొత్త కెర్నల్‌కి ఆ మాడ్యూల్ లేదు. పైగా ఆ ఇన్‌స్టాలరే నువో అనే ఉచిత డ్రైవరుని ముందే ఆపేసి ఉంటుంది. ఇక ఎన్విడియా కార్డుకి దిక్కెవరూ లేరు. లోపలి తెర ఇంటెల్ మీద మామూలుగా వెలుగుతోంది, హెచ్‌డీఎంఐ చీకటి. "ఎన్విడియా ఎస్ఎంఐ కొడితే డ్రైవరుతో మాట్లాడలేకపోతున్నా అంటోంది" అని నువ్వు రాసిన లైను (ఎన్విడియా ఎస్ఎంఐ అంటే కార్డు స్థితి చూపించే ఆదేశం) కూడా ఇదే చెప్తోంది. మానిటరుదీ కేబులుదీ తప్పు కాదు.

ఇలాంటి మిషన్లు నా దగ్గరికి నెలకి ఒకటైనా వస్తాయి. కాశీనగర్, పాతపట్నం, మొన్నొకటి పలాస నుంచి. అందరూ చేసేది ఒకటే పని, విండోస్ అలవాటులో కంపెనీ సైటుకి వెళ్ళి డ్రైవరు దించడం. లైనక్స్‌లో ఎన్విడియా డ్రైవరుని నీ డిస్ట్రో (నువ్వు వేసుకున్న లైనక్స్ రకం) ఇచ్చే చోటు నుంచే తీసుకో, సైటు నుంచి వద్దు. ఉబుంటు వాళ్ళు ప్రతి కెర్నల్‌కీ సరిపడే మాడ్యూల్‌ని ముందే కట్టి, సంతకం చేసి ఇస్తారు. కెర్నల్ మారినప్పుడల్లా దానితోపాటే అదీ మారుతుంది.

చేయాల్సింది ఇది. ఆదేశాలు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, నువ్వు ఇంగ్లిష్‌లో చిన్న అక్షరాలతో కొట్టు. ఖాళీ అంటే స్పేస్. టెర్మినల్ (ఆదేశాలు కొట్టే కిటికీ) తెరిచి సుడో (అధికారంతో నడపమనే మాట) ఇచ్చి, ఎన్విడియా హైఫన్ అన్‌ఇన్‌స్టాల్. పాత డ్రైవరు పోతుంది. ఒకసారి రీబూట్. తర్వాత సుడో, ఉబుంటు హైఫన్ డ్రైవర్స్, ఖాళీ, ఇన్‌స్టాల్. టెర్మినల్ అంటే భయమైతే "అడిషనల్ డ్రైవర్స్" అనే కిటికీ తెరిచి, "రికమండెడ్" అని పక్కన ఉన్నదాన్ని ఎంచుకో. రెండూ చేసే పని ఒకటే. మళ్ళీ రీబూట్. ఇప్పుడు ఎన్విడియా హైఫన్ ఎస్ఎంఐ కొడితే కార్డు పేరు, మెమరీ, వేడి ఎంతో చూపించే పట్టిక రావాలి. వచ్చిందంటే హెచ్‌డీఎంఐ కూడా వెలుగుతుంది.

ఒక జాగ్రత్త. మింట్, ఫెడోరా వాడే వాళ్ళకి, కొన్ని సందర్భాల్లో ఉబుంటులోనూ, డ్రైవరు ఎక్కేటప్పుడు ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది. రీబూట్ అయ్యాక నీలం తెర వచ్చి, ఏదైనా కీ నొక్కమంటూ 10 సెకన్లు లెక్కపెడుతుంది. చాలామంది అదేదో వైరస్ అనుకుని వదిలేస్తారు. వదిలేస్తే సెక్యూర్ బూట్ (సంతకం లేనివాటిని ఆపే కాపలా) ఆ డ్రైవరుని లోపలికి రానివ్వదు. ఆ 10 సెకన్లలో కీ నొక్కి, "ఎన్‌రోల్ మోక్" ఎంచుకుని, ముందు పెట్టిన పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఈ ఒక్క తెర దగ్గర తప్పిపోయి ఉబుంటునే మొత్తం తీసేసిన వాళ్ళని చూశాను, మనసు చివుక్కుమంది.

ఇక పని పంచడం.

ప్రైమ్ హైఫన్ సెలెక్ట్, ఖాళీ, క్వెరీ అని కొట్టు. "ఆన్ డిమాండ్" అని రావాలి. రాకపోతే సుడోతో ప్రైమ్ హైఫన్ సెలెక్ట్, ఖాళీ, ఆన్ హైఫన్ డిమాండ్ అని ఇచ్చి రీబూట్ చెయ్యి. ఈ స్థితిలో అన్నీ ఇంటెల్ మీద నడుస్తాయి, నువ్వు పిలిచినప్పుడే ఎన్విడియా లేస్తుంది. పిలవడం చాలా సులువు. గ్నోమ్‌లో (ఉబుంటు చూపించే డెస్క్‌టాప్) ప్రోగ్రాము బొమ్మ మీద కుడి క్లిక్ చేస్తే "లాంచ్ యూజింగ్ డిస్క్రీట్ గ్రాఫిక్స్ కార్డ్" అని ఉంటుంది. అది నొక్కితే చాలు. టెర్మినల్ నుంచైతే స్విచెరూసీటీఎల్, ఖాళీ, లాంచ్, ఖాళీ, ప్రోగ్రాము పేరు. నిజంగా ఏ కార్డు మీద నడుస్తోందో చూడాలంటే మెసా హైఫన్ యుటిల్స్ ప్యాకేజీ వేసుకుని, జీఎల్ఎక్స్ఇన్ఫో, ఖాళీ, హైఫన్ పెద్ద బీ కొట్టు, "రెండరర్" అనే లైనులో కార్డు పేరు ఉంటుంది. మామూలుగా కొడితే ఇంటెల్ రావాలి, స్విచెరూతో పిలిచి కొడితే ఎన్విడియా రావాలి. ఈ రెండు పేర్లూ వేర్వేరుగా కనిపించాయంటే నీ మిషన్ సరిగ్గా కుదిరినట్టే.

ఎన్విడియా బదులు ఏఎండీ కార్డు ఉన్నవాళ్ళకి ఈ బాధ సగం కూడా ఉండదు. డ్రైవరు కెర్నల్‌లోనే ఉంటుంది, విడిగా వేసేది లేదు. ప్రోగ్రాము ముందు డీఆర్ఐ అండర్‌స్కోర్ ప్రైమ్ ఈక్వల్స్ 1 అని పెద్ద అక్షరాలతో పెడితే రెండో కార్డు మీదికి వెళ్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది, ఫోటో స్టూడియోకి ఇదే ముఖ్యం. బొమ్మ గీయడం వేరు, లెక్క చేయడం వేరు. పైన చెప్పిన కుడి క్లిక్, స్విచెరూ ఇవన్నీ తెర మీద గీసే పనికే. డార్క్‌టేబుల్ (ఫోటోలు దిద్దేది), బ్లెండర్ (త్రీడీ బొమ్మలు చేసేది) లాంటివి కార్డుతో లెక్కలు చేయించుకుంటాయి, వాటికి ఈ పిలుపు అక్కర్లేదు. డ్రైవరు సరిగ్గా ఉంటే డార్క్‌టేబుల్ ఇంటెల్ మీద తెరిచినా, రా ఫోటోల (కెమెరా కుదించకుండా ఇచ్చేవి) లెక్కని ఓపెన్‌సీఎల్ (కార్డుతో లెక్క చేయించే పద్ధతి) ద్వారా నేరుగా ఎన్విడియాకి పంపుతుంది. సెట్టింగుల్లో ఓపెన్‌సీఎల్ టిక్ పెట్టి ఉందో లేదో చూడు. డార్క్‌టేబుల్ హైఫన్ సీఎల్‌టెస్ట్ అని కొడితే కార్డు కనిపించిందో లేదో చెప్పేస్తుంది. బ్లెండర్‌లో ప్రిఫరెన్సెస్‌కి వెళ్ళి, సిస్టమ్ కింద ఆప్టిక్స్ ఎంచుకుని కార్డుకి టిక్ పెట్టాలి.

వీడియో ఎగుమతి ఇంకో దారి. ఇంటెల్ చిప్‌లో వీడియో కుదించే యంత్రం ఒకటుంది, ఎన్విడియాలో ఇంకొకటుంది. రెండూ గీసే భాగంతో సంబంధం లేకుండా విడిగా నడుస్తాయి. అందుకే నీ మిషన్‌లో నిజంగా రెండు కార్డులూ ఒకేసారి కష్టపడటం చూడాలంటే ఇదే చోటు. కేడెన్‌లైవ్ అనే వీడియో ఎడిటర్‌లో పెళ్ళి వీడియో ఎన్విడియా ఎన్‌కోడర్ (కుదించే యంత్రం) మీద ఎగుమతి అవుతుండగా, పక్కన ఇంకో క్లిప్ ప్లేయర్‌లో ఇంటెల్ మీద చూసుకోవచ్చు, ఒకదానికొకటి అడ్డం రావు. కానీ ఒక మాట ముందే చెప్పాలి. కేడెన్‌లైవ్‌లో రంగులు, ట్రాన్సిషన్లు లాంటి ఎఫెక్టులు చాలామటుకు ప్రాసెసరే చేస్తుంది. కార్డు మారితే ఎగుమతి చివరి భాగం తేలికవుతుంది, మొత్తం సమయం సగానికి తగ్గిపోతుందని ఆశ పెట్టుకోకు. ఫోటోలు దిద్దే జింప్ కూడా అంతే, దానికి కార్డు కన్నా ర్యామే ముఖ్యం. 8 జీబీ ఉంటే ముందు 16 చేయించు, ఏ కార్డు కన్నా అదే నీకు ఎక్కువ పనికొస్తుంది.

డావిన్సీ రిసాల్వ్ అనే వీడియో ఎడిటర్ గురించి కూడా అడుగుతావని ముందే రాస్తున్నాను. దాని ఉచిత రకం లైనక్స్‌లో హెచ్.264 రకం వీడియో ఫైళ్ళని తెరవదు. మన కెమెరాలు, ఫోన్లు తీసేవన్నీ దాదాపు అవే. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రాముతో వేరే రకంలోకి మార్చుకుని పెట్టుకోవాలి, ఆ ఫైళ్ళు చాలా పెద్దవి, హార్డ్ డిస్క్ నిండిపోతుంది. రోజూ మూడు నాలుగు ఫంక్షన్ల ఫుటేజీ వచ్చే స్టూడియోకి ఇది పెద్ద భారం.

ఇప్పుడు నీ పెద్ద మానిటర్ సంగతి. ఇక్కడ నేను మామూలుగా చెప్పే సలహాకి కొంచెం భిన్నంగా చెప్తాను.

ఆన్ డిమాండ్‌లో ఎన్విడియా గీసిన ప్రతి బొమ్మనీ ఇంటెల్ మెమరీలోకి కాపీ చేసి, ఇంటెల్ తెర మీద చూపిస్తుంది. 1920 బై 1080 తెరకి ఒక్క బొమ్మ దాదాపు 8 మెగాబైట్లు, సెకనుకి 60 బొమ్మలంటే 500 మెగాబైట్ల దగ్గర. ల్యాప్‌టాప్ లోపలి దారికి అది లెక్కలోకి రాదు. కానీ హెచ్‌డీఎంఐ ఎన్విడియాకి కలిపి ఉన్నప్పుడు బొమ్మ ఎన్విడియాలో పుట్టి, ఇంటెల్‌కి వెళ్ళి, అక్కడ మిగతా కిటికీలతో కలిసి, మళ్ళీ ఎన్విడియాకి తిరిగొచ్చి హెచ్‌డీఎంఐలోంచి బయటికి వెళ్తుంది. ఊరు చుట్టి ఇంటికొచ్చినట్టు. మౌసు కొంచెం ఆలస్యంగా కదిలినట్టు, వీడియో అక్కడక్కడ తడబడినట్టు అనిపించేది ఇందువల్లే.

నీ ల్యాప్‌టాప్ పగలంతా స్టూడియో టేబుల్ మీదే, చార్జర్‌లోనే, పెద్ద మానిటర్‌తోనే ఉంటే, ప్రైమ్ సెలెక్ట్‌లో "ఎన్విడియా" పెట్టేసుకో. అప్పుడు అన్నీ ఎన్విడియాయే గీస్తుంది, హెచ్‌డీఎంఐకి నేరుగా వెళ్తుంది. ఫంక్షన్‌కి బయటికి తీసుకెళ్ళే ముందు ఆన్ డిమాండ్‌కి మార్చి రీబూట్ చెయ్యి. నా దగ్గరికి వచ్చే స్టూడియోల వాళ్ళందరికీ ఇలాగే పెట్టి ఇస్తున్నాను.

బ్యాటరీ విషయం నేను కష్టం మీద నేర్చుకున్నాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా గజపతి జిల్లా ఎంత దెబ్బతిందో నీకు తెలుసు. మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. ఎక్కడో జనరేటరు దగ్గర చార్జి చేసుకొచ్చిన ల్యాప్‌టాపు, ఏ పనీ చేయకుండానే గంటన్నరలో చచ్చిపోయేది. ఎన్విడియా కార్డు ఖాళీగా ఉన్నా మేలుకునే ఉంది, ఉన్న చార్జంతా అదే తాగేసింది. అప్పట్లో ఈ ఆన్ డిమాండ్ పద్ధతి ఎన్విడియా డ్రైవరులో లేదు. ఒక కార్డో ఇంకో కార్డో, మార్చాలంటే లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ అవ్వాలి. 2019 ఆగస్టులో 435 డ్రైవరుతో ఎన్విడియా తనంతట తాను ప్రైమ్ ఆఫ్‌లోడ్ ఇచ్చింది. అంతకుముందు బంబుల్‌బీ అని ఔత్సాహికులు కట్టిన దారే దిక్కు.

నీ 1650 ట్యూరింగ్ తరం. ఆ తరం నుంచి, పని లేనప్పుడు కార్డు పూర్తిగా కరెంటు ఆపుకుని నిద్రపోగలదు. నిద్రపోయిందో లేదో తెలుసుకోవడానికి ఎన్విడియా ఎస్ఎంఐ కొట్టకు. ఆ ఆదేశమే దాన్ని లేపేస్తుంది, లేచే ఉందని చూపిస్తుంది. చాలామంది ఇక్కడే తికమకపడి, ఎప్పుడూ మేలుకునే ఉంటోందని రాస్తుంటారు. సిస్ డైరెక్టరీలో ఆ కార్డు ఫోల్డర్ లోపల పవర్ అనే ఫోల్డర్, అందులో రన్‌టైమ్ అండర్‌స్కోర్ స్టేటస్ అనే ఫైలు ఉంటుంది. దాన్ని క్యాట్ అనే ఆదేశంతో చూడు. "సస్పెండెడ్" అంటే నిద్ర, "యాక్టివ్" అంటే మెలకువ. హెచ్‌డీఎంఐకి మానిటర్ ఉంటే అది నిద్రపోదు, పోకూడదు కూడా.

పాత కార్డులున్న వాళ్ళకి ఒక హెచ్చరిక. జీటీఎక్స్ 750 టీఐ, 1050, ఎంఎక్స్ 150 లాంటి మ్యాక్స్‌వెల్, పాస్కల్ తరాల కార్డులకి 580 డ్రైవరే ఆఖరు. ఆ తర్వాతి డ్రైవర్లు వాటిని గుర్తించవు. పాత మిషన్ బాగా నడుస్తుంటే 580ని దాటి ముందుకు వెళ్ళకండి.

బయట డబ్బా ఎందుకు వద్దన్నానో ఇప్పుడు. దానికి థండర్‌బోల్ట్ గానీ యూఎస్‌బీ 4 గానీ అనే వేగమైన రంధ్రం కావాలి. నీ తరహా ల్యాప్‌టాపుల్లో చాలావాటికి యూఎస్‌బీ సీ రంధ్రం ఉంటుంది కానీ థండర్‌బోల్ట్ ఉండదు. రంధ్రం పక్కన మెరుపు గుర్తు ఉందేమో చూసి, మోడల్ వివరాల్లో కూడా సరిచూసుకో. ఒకవేళ ఉన్నా, థండర్‌బోల్ట్ 3 దారి 40 గిగాబిట్లని రాస్తారు గానీ గ్రాఫిక్స్ డేటాకి దొరికేది 22 దగ్గర, అంటే సెకనుకి సుమారు 2.75 గిగాబైట్లు. అదే ల్యాప్‌టాప్ లోపలి కార్డుకి 16 లైన్ల పీసీఐఈ 3 దారి ఉంటే అది 15 గిగాబైట్లు దాటుతుంది. 4కే తెరకి బయట కార్డు గీసి బొమ్మని వెనక్కి ల్యాప్‌టాప్ తెరకే పంపాలంటే, 60 బొమ్మలకి దాదాపు 2 గిగాబైట్లు అక్కడే పోతాయి.

బరంపురంలో ఇంజినీరింగ్ చదువుతున్న ఒక అబ్బాయి ఇలాంటి డబ్బా కొని, సన్నటి ల్యాప్‌టాప్‌తో నా దగ్గరికి వచ్చాడు. ఏ కార్డూ లేని ల్యాప్‌టాప్ అది, అలాంటప్పుడు డబ్బాకి అర్థం ఉంది. తెర మీద బొమ్మ తడబడుతోందని బాధపడ్డాడు. మానిటరుని ల్యాప్‌టాప్ నుంచి తీసి డబ్బాలోని కార్డుకే పెట్టాను. తిరుగు ప్రయాణం తప్పింది, తడబాటు పోయింది. బయట కార్డు పెడితే మానిటర్ కూడా ఆ కార్డుకే పెట్టాలి. లైనక్స్‌లో దాన్ని ఒకసారి అనుమతించాలి కూడా, బోల్ట్ అనే ప్రోగ్రాము చూసుకుంటుంది, గ్నోమ్ సెట్టింగుల్లో థండర్‌బోల్ట్ కింద కనిపిస్తుంది. నడుస్తుండగా కేబుల్ మాత్రం లాగకండి, ముఖ్యంగా ఎన్విడియా అయితే. తెర గడ్డకట్టి, సేవ్ చేయని పనంతా పోతుంది. ఆపేసి, అప్పుడు తీయండి. వేసవిలో మన వైపు వోల్టేజి ఎలా పడిపోతుందో తెలిసిందే కదా, డబ్బాకి యూపీఎస్ లేకపోతే అదీ నడుస్తుండగా కేబుల్ లాగినట్టే.

డెస్క్‌టాప్ వాళ్ళ కోసం రెండు ముక్కలు. కార్డు పెట్టగానే చాలా బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ని ఆపేస్తాయి. బయోస్‌లో (కంప్యూటరు లేచేటప్పుడు తెరిచే బోర్డు సెట్టింగులు) "ఐజీపీయూ మల్టీ మానిటర్" లాంటి పేరుతో ఉన్నది ఆన్ చేస్తే రెండూ ఉంటాయి. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ఎఫ్ ఉంటే, 12400ఎఫ్ లాగ, లోపల గ్రాఫిక్సే లేదు. పాతపట్నంలో ఒక డీటీపీ షాపు ఆయన కొంచెం తక్కువకి వస్తుందని ఎఫ్ రకం కొన్నాడు. కార్డు చెడిపోయిన రోజు బోర్డు రంధ్రానికి మానిటర్ పెడితే ఏమీ రాలేదు, పెళ్ళి కార్డుల సీజను మధ్యలో రెండు రోజులు షాపు మూసుకున్నాడు. లోపలి గ్రాఫిక్స్ ఉండి ఉంటే ఆ రెండు రోజులూ పని జరిగేది. అందుకే స్టూడియోకి డెస్క్‌టాప్ కొనేవాళ్ళకి ఎఫ్ లేనిదే తీసుకోమని చెప్తాను.

నువ్వు ముందు డ్రైవరు తీసి మళ్ళీ వేసే పని చెయ్యి. చేశాక ఎన్విడియా ఎస్ఎంఐ పట్టిక, జీఎల్ఎక్స్ఇన్ఫో ఇచ్చిన రెండు రెండరర్ లైన్లు ఫోటో తీసి ఇక్కడ పెట్టు. అప్పటికీ హెచ్‌డీఎంఐ వెలగకపోతే, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందో లేదో చూసి అదీ రాయి. గుణుపురం నుంచి బండెక్కితే పర్లాకిమిడి ఎంతో దూరం కాదు, ఆదివారం తప్ప ఏ రోజైనా షాపు దగ్గరే ఉంటాను. వస్తే చార్జర్, ఆ హెచ్‌డీఎంఐ కేబుల్ మర్చిపోకుండా తెచ్చుకో.